టవరు ఒక్కటే చాలదు: చిన్న పట్టణాల్లో స్థానిక రేడియో చేసే పని

2023 ఏప్రిల్ 28న దేశంలో 91 ఆకాశవాణి ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి మొదలయ్యాయి. ఒక్కోదాని శక్తి 100 వాట్లు. 18 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 జిల్లాల్లో వాటిని పెట్టారు. తెలుగు రాష్ట్రాలకూ అందులో వాటా దక్కింది. అంతకు పదిహేనేళ్ల ముందు, 2008 అక్టోబర్ 15న, జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ఇది సామాజిక రేడియో, అంటే స్థానిక సంస్థ తన చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న స్టేషను. దానికి అనుమతించిన శక్తి కూడా వంద వాట్ల స్థాయిదే.

వాట్లు దాదాపు ఒకటే, వినేవాడి చేతిలో ఉన్న సెట్టూ ఒకటే. కానీ ఆ రెండూ చేసే పని వేరు. 91 ట్రాన్స్‌మిటర్లు పెద్ద కేంద్రం నుంచి వచ్చిన కార్యక్రమాన్ని అందుకుని ఊళ్లోకి వదిలేవి, దీన్నే రిలే అంటారు. మాచునూరులో మైకు ముందు కూర్చున్నది ఆ చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళా రైతులు. మొదటిది ఊరికి రేడియోను తెచ్చింది. రెండోది ఊరి మాటను రేడియోలోకి తెచ్చింది. చిన్న పట్టణాల్లో రేడియో భవిష్యత్తు గురించి జరిగే చర్చల్లో ఈ తేడా తరచూ మరుగున పడుతుంది. ఎన్ని టవర్లు వేశారన్న లెక్క దొరుకుతుంది కానీ, ఆ టవరు కింద రోజుకు ఎన్ని గంటల కార్యక్రమం అక్కడే తయారవుతోందన్న లెక్కను ఎవరూ అడగరు. స్థానిక రేడియో బతికుందో లేదో తేల్చేది ఈ రెండో లెక్కే.

వంద వాట్లు ఎంత దూరం

ఎఫ్.ఎం. తరంగం దాదాపు కంటిచూపు మేరకే వెళ్తుంది. కొండ అడ్డొస్తే ఆగుతుంది, భూమి వంపు దాటితే సన్నగిల్లుతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ చూపు మేర కిలోమీటర్లలో వస్తుంది. సామాజిక రేడియోకు అనుమతించే యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు. లెక్క కడితే 22 కి.మీ. పైచిలుకు తేలుతుంది. కాగితం మీది ఈ అంకెను నమ్మి చాలామంది మోసపోతారు. ఇంట్లో గూట్లో పెట్టిన చిన్న ట్రాన్సిస్టర్‌కు గురగుర లేకుండా వినిపించేది అందులో సగం దూరంలోపే. 5 కి.మీ. వరకు హాయిగా, 10 కి.మీ. వరకు యాంటెన్నా పూర్తిగా లాగి వాకిట్లోకి తెస్తే, ఆపైన మిట్ట మీద ఉన్న ఊళ్లలో మాత్రమే వినిపిస్తుంది.

కారణం ఇది. నేలకు దగ్గరగా ఉన్న రిసీవరుకు నేరుగా వచ్చే తరంగం, నేలను తాకి వచ్చే తరంగం రెండూ అందుతాయి. అవి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అందువల్ల దూరం రెట్టింపైతే సిగ్నలు సగానికి బదులు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇదే సూత్రం మేలు కూడా చేస్తుంది. యాంటెన్నాను 15 మీటర్ల నుంచి 30 మీటర్లకు లేపితే సిగ్నలు రెట్టింపవుతుంది. అదే ఫలితం ట్రాన్స్‌మిటరు నుంచి రాబట్టాలంటే శక్తిని నాలుగు రెట్లు పెంచాలి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న స్టేషను మొదట ఖర్చుపెట్టాల్సింది టవరు ఎత్తు మీద, టవరు వేసే మిట్ట మీద. కాలేజీ ప్రాంగణంలో ఖాళీ జాగా ఉందని పల్లంలో వేసిన టవరు జీవితాంతం ఆ పల్లానికి మూల్యం చెల్లిస్తుంది.

అనుమతిలో రాసే వంద వాట్లు యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే శక్తి. గదిలోని ట్రాన్స్‌మిటరు సాధారణంగా 50 వాట్లదే ఉంటుంది. అరంగుళం కేబులు 40 మీటర్లు పైకి వెళ్లేసరికి దాదాపు ఐదో వంతు వేడిగా పోయి 40 వాట్లు మిగులుతాయి. రెండు అంతస్తుల యాంటెన్నా ఆ శక్తిని ఆకాశంలోకి, నేలలోకి పోనీయకుండా అడ్డంగా ఊళ్ల వైపు మళ్లించి వంద వాట్ల ఫలితం చూపిస్తుంది. ఖర్చు తగ్గుతుందని సన్న కేబులు వేస్తే ఆ 40 కాస్తా 25 అవుతుంది. ట్రాన్స్‌మిటరు మీటరు మాత్రం 50 అనే చూపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు.

చిన్న స్టేషన్లు మూగబోయేది ఎక్కువగా తొలకరి వానలకే. టవరు మీద కేబులు, యాంటెన్నా కలిసే కనెక్టరులోకి నీరు దిగుతుంది. అప్పుడు శక్తి బయటికి పోకుండా వెనక్కి తిరుగుతుంది. 50 వాట్లు పంపినప్పుడు వెనక్కి వచ్చేది 2 వాట్లలోపు ఉంటే దిగులు లేదు. 5 వాట్లు దాటితే ట్రాన్స్‌మిటరు తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంటుంది, లేదంటే ఆగిపోతుంది. ఈ రెండు అంకెలనూ రోజూ ప్రసారం మొదలుపెట్టేటప్పుడు పుస్తకంలో రాసుకునే అలవాటుంటే, 1 వాటు 2 కావడం, 2 మూడు కావడం ముందే కంటపడుతుంది. కనెక్టరుకు సాగే రబ్బరు టేపు బిగించి చుట్టి, దానిపైన ఎండను ఆపే పీవీసీ టేపు వేయాలి. కేబులు గదిలోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదలాలి, కారిన నీరు అక్కడే రాలిపోతుంది. కేబులును ప్రతి మీటరుకూ టవరుకు బిగించి కట్టకపోతే గాలి, కోతులు కలిసి పని పూర్తిచేస్తాయి. టవరు అడుగున ఎర్తింగు గుంట ఎండాకాలంలో ఎండిపోతుంది. దానికి నీళ్లు పోసే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఉరుములు మొదలయ్యేది కూడా ఆ ఎండాకాలం చివర్లోనే.

వినేవాళ్ల చేతిలో ఏముంది

ఒకప్పుడు హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖ 927 కిలోహెర్ట్జ్ అని అంకెతోనే స్టేషను గుర్తుండేది. మీడియం వేవ్‌లో పెద్ద ట్రాన్స్‌మిటరు నేలను పట్టుకుని వందల కిలోమీటర్లు వెళ్తుంది. దానికి లోయ, గుట్ట పెద్ద అడ్డు కావు. ఆ బ్యాండును ఇళ్లలో దెబ్బతీసింది టీవీ ఒక్కటే కాదు. ఎల్‌ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లు పుట్టించే రొద సరిగ్గా ఆ బ్యాండు మీదే పడుతుంది. ఇప్పటికీ మీడియం వేవ్ వినేవాళ్లు సెట్టును స్విచ్‌బోర్డుకు నాలుగైదు అడుగుల దూరం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తే చాలా తేడా తెలుస్తుంది. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కున వచ్చే రొదను దాదాపు వినపడకుండా చేయగలదు.

ఎఫ్.ఎం. వినడానికి ఇప్పుడు ఎక్కువమంది దగ్గరున్నది ఫోను. ఫోనులో ఎఫ్.ఎం. యాంటెన్నా అంటే ఇయర్‌ఫోను తీగే. ముప్పాతిక మీటరు తీగ ఎఫ్.ఎం. బ్యాండుకు దాదాపు పావు తరంగం పొడవు. తీగను చుట్ట చుట్టి జేబులో పెడితే సిగ్నలు పడిపోయేది అందుకే. తీగ పెట్టే రంధ్రమే లేని ఫోన్లు పెరిగాక ఈ దారి కూడా మూసుకుపోతోంది. ఫోన్లలో ఎఫ్.ఎం. సదుపాయం తీసేయకుండా చూడాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2023లో తయారీదారులకు సూచించింది. సూచన మంచిదే, కానీ అది ఆదేశం కాదు.

యాప్‌లో స్టేషను దొరుకుతుంది కదా అనే వాదన ఒకటుంది. యాప్ వల్ల ఊరు విడిచి వెళ్లినవాళ్లకు ఊరి స్టేషను అందుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ పొలంలో మందు కొట్టే మనిషికి, బీడీలు చుట్టే మహిళకు, టీ కొట్టులో నిలబడ్డ పదిమందికి ఒకేసారి, డేటా ఖర్చు లేకుండా, చేతులు ఖాళీ చేసుకోనక్కర్లేకుండా అందేది సెట్టే. రెండు పెన్సిలు సెల్లులతో రోజుకు రెండు గంటలు వింటే మూడు నాలుగు వారాలు నడుస్తుంది.

ఒక జిల్లాకు ఒక స్టేషను

ఆకాశవాణి స్థానిక కేంద్రాల ఆలోచన 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌తో మొదలైంది. రాష్ట్ర రాజధాని కేంద్రం అందరికీ కలిపి మాట్లాడుతుంది, ఒక జిల్లాకు మాత్రమే మాట్లాడే కేంద్రం కూడా ఉండాలన్నది దాని ఉద్దేశం. తెలుగునాట 1986లో ఆదిలాబాద్, తర్వాతి ఏళ్లలో కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు, తిరుపతి, మార్కాపురం వంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి. ఆరు నుంచి పది కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు, వంద మీటర్ల టవరు ఉంటే 60 కి.మీ. దాకా అందుతుంది. జిల్లాలో చాలా భాగం దాని పరిధిలోకి వస్తుంది.

ఈ కేంద్రాల్లో పని చేసే పద్ధతి చూస్తే స్థానికత ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. ఏ రోజు ఏ గంటకు ఏది అనేది ముందే గీసిన పట్టిక ఉంటుంది. దాన్ని కేంద్రంలో ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు అంటారు. ఆ పట్టికలో ఢిల్లీ వార్తలు, రాజధాని కేంద్రం కార్యక్రమాలు, వివిధభారతి తీసుకునే గళ్లు కొన్ని. మిగిలినవి కేంద్రం తానే నింపుకోవాలి: ఉదయం భక్తి పాటలు, రైతుల కార్యక్రమం, మహిళలకు, పిల్లలకు, యువతకు వారానికో పూట, డాక్టరుతో ఫోన్‌ఇన్, జానపదం, కోరిన పాటలు. ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషలో చేసిన ప్రసారాలు ఈ పట్టికలోని ఒక గడి నుంచి పుట్టినవే. హైదరాబాదులో గీసే పట్టికలో ఆ గడికి చోటు దొరకడం కష్టం, ఎందుకంటే అక్కడ గోండి వినేవాళ్లు మొత్తం శ్రోతల్లో కొద్దిమంది. ఆదిలాబాద్ టవరు కింద వాళ్లు కొద్దిమంది కారు.

కోరిన పాటల కార్యక్రమాన్ని తేలిగ్గా తీసేయడం మామూలే. పాట ఎవరైనా వేస్తారు. ఆ కార్యక్రమంలో అసలు సరుకు పాటకు ముందు చదివే ఊళ్ల పేర్లు. మండలంలో మూల ఉన్న తండా పేరు, గూడెం పేరు రేడియోలో వినబడటం వల్ల ఆ ఊరు ఆ స్టేషనును తనదిగా లెక్కవేసుకుంటుంది. రేపు అదే స్టేషను పోలియో చుక్కల తేదీ చెబితే, విద్యుత్ కోత వేళలు చెబితే నమ్ముతుంది. పేర్లు తప్పు చదివితే ఈ నమ్మకం అంతే వేగంగా పోతుంది. ఊళ్ల పేర్ల ఉచ్చారణ పట్టిక ఒకటి డ్యూటీ రూములో ఉండటం, కొత్త అనౌన్సరు దాన్ని చూసుకుని మైకు ముందుకు వెళ్లడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ స్టేషను పరువంతా దాని మీదే నిలబడుతుంది.

ఫోన్‌ఇన్‌లో కొత్త స్టేషన్లు చేసే మొదటి తప్పు అందరికీ తెలిసినదే. ఫోను చేసిన శ్రోత ఇంట్లో రేడియో మోగుతూ ఉంటుంది. ఆ ధ్వని ఫోనులోంచి స్టూడియోకు, స్టూడియో నుంచి మళ్లీ రేడియోకు తిరిగి కూత మొదలవుతుంది. "మీ రేడియో సౌండు తగ్గించండి" అని గాల్లో చెప్పేకంటే, లైన్లోకి తీసుకునే ముందే ఇంకొకరు ఫోను ఎత్తి ఆ మాట చెప్పి, పేరు, ఊరు, ప్రశ్న రాసుకోవాలి. దీనికి రెండో మనిషి కావాలి. ఒక్కరే మైకు, మిక్సరు, ఫోను చూసుకునే స్టేషన్లో ఫోన్‌ఇన్ ఎందుకు పాడవుతుందో వేరే వెతకనక్కర్లేదు.

అంకెలు చెవికి ఎలా చెప్పాలి

స్థానిక రేడియో విలువ రైతు కార్యక్రమంలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ఒక చిన్న ఉదాహరణ. నాటు వేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరిలో జింకు లోపం కనిపిస్తుంది. లేత ఆకుల మధ్య ఈనె పాలిపోయి, ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పైరు గిడసబారుతుంది. సిఫారసు రెండు రకాలు. నాటుకు ముందు దున్నే దమ్ములో అయితే ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ నేలకు వేయాలి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

శాస్త్రవేత్త ఈ రెండింటినీ ఒకే ఊపులో చెప్పేస్తారు. కాగితం మీద అయితే ఇబ్బంది లేదు, పాఠకుడు వెనక్కి వెళ్లి చూసుకుంటాడు. చెవికి వెనక్కి వెళ్లే వీలు లేదు. 20, 2, కిలో, గ్రాము, ఎకరం, లీటరు అనే ఆరు మాటలు కలగలిసిపోయి, వినేవాడికి మిగిలేది "జింకు వేయమన్నారు" అన్న ఒక్క ముక్కే. స్టేషనులో అనుభవమున్న మనిషి ఇక్కడ నాలుగు పనులు చేస్తారు. మొదట, ఆ వారం జిల్లాలో నాట్లు ఏ దశలో ఉన్నాయో చూసుకుని, దమ్ములో వేసే మాటను పూర్తిగా తీసేస్తారు. నాట్లు పడ్డాక దానికి సమయం దాటిపోయినట్టే. రెండోది, లీటరు లెక్కను రైతు వీపు మీదున్న ట్యాంకు లెక్కకు మారుస్తారు: 16 లీటర్ల ట్యాంకుకు 32 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీరు పడితే పన్నెండు పదమూడు ట్యాంకులు, మొత్తం 400 గ్రాములు. మూడోది, ఆ అంకెను కార్యక్రమం మధ్యలో ఒకసారి, చివర ఒకసారి చెప్పిస్తారు. నాలుగోది, జరిగే తప్పును పేరు పెట్టి చెప్పిస్తారు. జింకును పురుగుమందులతో కలిపి కొట్టకూడదు. నేలకు వేసేటప్పుడు డీఏపీ వంటి భాస్వరం ఎరువుతో కలపకూడదు, ఎందుకంటే రెండూ కలిస్తే జింకు మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. ఖర్చు ఆదా అవుతుందని డీఏపీలో కలిపి చల్లడం ఊళ్లలో మామూలే కాబట్టి ఈ ఒక్క వాక్యం మిగతా ప్రసంగమంత విలువైనది.

ఈ నాలుగింటిలో మొదటిది రాజధానిలో కూర్చుని చేయలేని పని. కాలువ కింద ముందు నాట్లు పడతాయి, చెరువు కింద ఆలస్యమవుతాయి, బోరు కింద ఇంకో లెక్క. పక్క పక్క జిల్లాల్లోనే ఇరవై రోజుల తేడా ఉంటుంది. రాష్ట్రమంతటికీ కలిపి చెప్పే సలహా ఎవరికో ముందవుతుంది, ఎవరికో దాటిపోయి ఉంటుంది. మార్కెట్ ధరలదీ ఇదే తీరు. గుంటూరు యార్డులో మిర్చి ధర అందరికీ తెలుసు. సొంత పట్టణం యార్డులో ఈ రోజు ఎన్ని బస్తాలు వచ్చాయి, తేమ ఎంత శాతం ఉంటే ఎంత కోసుకున్నారు, కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఎంత అన్నది చెబితే రైతు రేపు బండి కట్టాలా వద్దా తేల్చుకుంటాడు. గరిష్ఠ ధర ఒక్కటే చదివే స్టేషను రైతును తప్పుదారి పట్టిస్తుంది. ఆ ధర రెండు మూడు మంచి లాట్లకే పలికి ఉంటుంది.

చెప్పకూడనిది, చెప్పగలిగినది

ప్రైవేటు ఎఫ్.ఎం., సామాజిక రేడియో సొంతంగా వార్తలు చేయకూడదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి ప్రసారం చేసుకోవచ్చు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో తలుపు తెరుచుకుంది. వార్తల తలుపు మాత్రం ఇప్పటికీ తెరుచుకోలేదు. పట్టణంలో కౌన్సిల్ సమావేశం ఏం తీర్మానించిందో ఆ పట్టణపు స్టేషను చెప్పలేకపోవడం సమర్థించుకోలేని నిబంధన.

అయితే నిబంధన ఉన్నంతలోనే ఎంత చోటు ఉందో చాలా స్టేషన్లు గమనించవు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు, జాతరలు, పండుగలు, ఆటలు, స్థానిక యంత్రాంగం ఇచ్చే కరెంటు, నీటి సరఫరా సమాచారం, ఆరోగ్య హెచ్చరికలు, ప్రకృతి వైపరీత్యాల సమాచారం వార్తల కిందికి రావని ప్రైవేటు ఎఫ్.ఎం. మూడో దశ విధానంలోనే రాసి ఉంది. చిన్న పట్టణంలో మనిషికి రోజూ కావలసిన సమాచారంలో ముప్పాతిక భాగం ఈ జాబితాలోనే ఉంది. రేపు ఏ వార్డుకు నీళ్లు రావు, ఏ ఫీడరు మీద మరమ్మతు, ఐటీఐ దరఖాస్తుకు ఆఖరి తేదీ ఏది. ఇవి రోజూ ఒకే వేళకు, ఐదు నిమిషాలు, విడవకుండా చదివితే ఆ ఐదు నిమిషాల కోసమే సెట్టు ఆన్ చేస్తారు. ఒక రోజు ఏడింటికి, మరో రోజు ఏడుం పావుకు చదివితే నెలలో శ్రోతలు జారిపోతారు.

తుపాను వేళ ఈ అలవాటు ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పడిపోయాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లదీ అదే పరిస్థితి. మొబైల్ టవరు బ్యాటరీలు కొన్ని గంటలకే నీరసిస్తాయి. సెల్లులతో నడిచే సెట్టుకు ఆ బెంగ లేదు. కానీ వినేవాడి సెట్టు పనిచేస్తే చాలదు, స్టేషను కూడా పనిచేయాలి. ఇక్కడ వంద వాట్ల స్టేషనుకు ఒక లాభం ఉంది. 50 వాట్ల ట్రాన్స్‌మిటరు గోడ ప్లగ్గు నుంచి లాగేది నూరు, నూట యాభై వాట్లు. ఒక ల్యాప్‌టాప్, చిన్న మిక్సరు కలిపినా మామూలు ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు రాత్రంతా నడిపించగలవు. స్టూడియో ఏసీని అదే ఇన్వర్టరు లైనులో కలిపితే మాత్రం గంటలో బ్యాటరీలు అయిపోయి ప్రసారం ఆగుతుంది. చాలా స్టేషన్లలో జరిగేది ఇదే. ఏసీకి, మిగతా సామానుకు వైరింగు వేరుచేయడం ఒక ఎలక్ట్రీషియనుకు పూట పని.

రిలే ట్రాన్స్‌మిటరుకు కరెంటు ఉన్నా, మాట రాష్ట్ర రాజధాని నుంచో ఢిల్లీ నుంచో రావాలి. తుపాను దాటాక ఫలానా వంతెన మీద నీళ్లున్నాయి, ఫలానా హైస్కూల్లో భోజనాలు పెడుతున్నారు అన్న మాట అక్కడి నుంచి రాదు.

డబ్బు ఎక్కడ ఆగుతోంది

కరెంటు ఖర్చు పైన చూసిందే: రోజుకు పన్నెండు గంటలు నడిచినా ట్రాన్స్‌మిటరుకు రెండు యూనిట్లలోపు. టవరు ఒకసారి వేసేది. నెల నెలా తినేది జీతాలు. స్థానిక గంట ఒక్కటి తయారుచేయడానికి మనుషుల గంటలు చాలా పడతాయి. ఊరికి వెళ్లి 40 నిమిషాలు రికార్డు చేస్తే గాల్లోకి వెళ్లేది పది పన్నెండు నిమిషాలు. దాన్ని కత్తిరించి అతికించడానికి అనుభవం ఉన్నవాళ్లకే గంటన్నర. రిలే గంటకు ఈ ఖర్చేదీ లేదు. ఖాళీ అయిన పోస్టు భర్తీ కాకపోతే పట్టికలోని స్థానిక గడి ఒకటి రిలేకు పోతుంది. ఆ గడి పోయినందుకు గొడవ చేసే శ్రోత కూడా ఆ పోస్టుతో పాటే దూరమవుతాడు. ఏళ్ల తరబడి ఒక్కో గడి ఇలా పోయాక మిగిలేది టవరు.

డబ్బే లేదని అనలేం. 2023 జనవరిలో కేంద్రం, ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి మౌలిక సదుపాయాలకు దాదాపు 2,540 కోట్ల రూపాయలతో పథకం ఆమోదించింది. ఎఫ్.ఎం. అందే జనాభాను 68 శాతం నుంచి 80 శాతానికి పెంచడం దాని లక్ష్యాల్లో ఒకటి. అది యంత్రాలకు ఉద్దేశించిన డబ్బు. మనుషులను తయారుచేసే వైపు చూస్తే, హైదరాబాదు సహా ఐదు నగరాల్లో ఉన్న ఆకాశవాణి ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలన్న నిర్ణయం 2019 జనవరిలో బయటికి వచ్చింది. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే తూకం ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

సామాజిక రేడియోకు ప్రకటనలు తీసుకునే వీలుంది. మొదట గంటకు ఐదు నిమిషాలే అనుమతించారు, 2024 మార్గదర్శకాల్లో అది 12 నిమిషాలైంది. ప్రభుత్వ ప్రకటనల ధర పది సెకన్లకు 52 నుంచి 74 రూపాయలకు పెరిగింది. గంటలోని 12 నిమిషాలూ నిండితే 5,328 రూపాయలు. నిండవు. వచ్చేవి వరసగా రావు, బిల్లులు నెలల తర్వాత వస్తాయి. దాని మీదే లెక్క వేసుకున్న స్టేషను తొలి ఏడాదే ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. బట్టల దుకాణం, విత్తనాల షాపు, కోచింగు సెంటరు, పెట్రోలు బంకు వంటి పది పదిహేను చిన్న ఖాతాలు నెలవారీ ఒప్పందంతో ఉంటేనే జీతాలు నిలబడతాయి. ప్రకటనను దుకాణందారు గొంతుతోనే రికార్డు చేస్తే అతను మరుసటి నెల తప్పకుండా కొనసాగిస్తాడు.

మాచునూరు నుంచి నేర్చుకోగలిగింది

సంఘం రేడియో వెనకున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా చిరుధాన్యాల సేద్యం మీద మహిళా సంఘాలతో పనిచేస్తూ వచ్చింది. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు రావడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ వాళ్లు ఖాళీగా కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను ఊళ్లలో సంఘం సమావేశాలకు తీసుకెళ్లి వినిపించారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు యువతులు స్టేషను బాధ్యత చూశారు. లైసెన్సు వచ్చి సాయంత్రం పూట రెండు గంటల ప్రసారం మొదలయ్యేసరికి చేతిలో వందల గంటల సరుకు, దాన్ని తయారుచేయడం వచ్చిన మనుషులు, వినడం అలవాటైన ఊళ్లు అన్నీ ఉన్నాయి.

మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. టవరు ముందు వస్తుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది, ఆ తర్వాత ఏం వినిపించాలన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు కంప్యూటర్లో పాటల జాబితా పెట్టి వదిలేస్తారు. వార్షికోత్సవానికి, తనిఖీకి మాత్రం మైకు తెరుస్తారు. మాచునూరు రెండు గంటలే ఎంచుకోవడం కూడా తెలివైన నిర్ణయం. పొలం పని ముగిసి, వంట సాగుతుండగా వినే వేళ అది. రెండు గంటలు నిండుగా ఇవ్వగలిగినవాళ్లు పన్నెండు గంటలు పలచగా ఇవ్వకూడదు.

కొత్తగా స్టేషను పెట్టాలనుకునే కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం, మహిళా సమాఖ్య ఎవరైనా దరఖాస్తుతో పాటే రికార్డింగు మొదలుపెట్టవచ్చు. దరఖాస్తు, అంగీకార పత్రం, టవరు స్థలానికి అనుమతి, ప్రభుత్వంతో ఒప్పందం, చివర వైర్‌లెస్ లైసెన్సు, ఇవన్నీ దాటడానికి ఎలాగూ చాలా నెలలు పడుతుంది. ఒక చేతి రికార్డరు, ఒక డైనమిక్ మైకు, గాలి రొద ఆపే స్పాంజి తొడుగు, హెడ్‌ఫోను ఉంటే చాలు. మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పట్టాలి. ఎదురుగా పడితే ప, బ, భ అక్షరాలు పేలతాయి. రికార్డు చేసే గదిలో ఫ్యాను ఆపాలి. ఫోను ఆఫ్ చేయాలి. మైకు పక్కనున్న ఫోను సిగ్నలు వెతుక్కునేటప్పుడు టకటకమని వచ్చే రొద తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ శుభ్రంగా పోదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు ఇప్పటికీ ఉంది. దానివల్ల గొంతు మందంగా అవుతుంది కానీ గది మోత పోదు, ఆపైన నిప్పు భయం. రెండంగుళాల మందం రాక్‌వూల్ పలకలను గోనెగుడ్డలో చుట్టి గోడకు కొంచెం ఎడంగా బిగిస్తే మోత పోతుంది. అదీ లేనప్పుడు దుప్పట్లు, పరుపులు ఉన్న పడకగది మేలు.

స్టూడియోలో పాటలు నడిపే కంప్యూటరు శబ్దాన్ని, ప్రసారానికి వెళ్లే శబ్దాన్ని వేరు సౌండ్ కార్డుల మీద పెట్టాలి. లేకపోతే డాక్టరు గారు మధుమేహం గురించి చెబుతుండగా నోటిఫికేషన్ గంట ఊరంతా వినిపిస్తుంది. ప్రసారమైనదంతా మూడు నెలలు భద్రపరచాలని నిబంధన ఉంది. తేదీ, వేళ, కార్యక్రమం పేరు అదే వరసలో ఫైలు పేరుగా పెట్టుకుంటే నిబంధన తీరడమే కాకుండా, వచ్చే ఏడాది అదే వారానికి ఏ రైతు కార్యక్రమం పనికొస్తుందో వెతకడం తేలికవుతుంది. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారైనవే ఉండాలని కూడా సామాజిక రేడియో నిబంధనల్లో ఉంది. ఈ షరతును ఆకాశవాణి స్థానిక కేంద్రాలకు, కొత్త వంద వాట్ల ట్రాన్స్‌మిటర్లకు కూడా కొంత మేరకైనా వర్తింపజేయవచ్చు. ప్రతి రిలే టవరు దగ్గరా ఒక చిన్న గది, ఒక మైకు, స్థానికంగా తీసుకున్న ఇద్దరు మనుషులు, రోజుకు ఒక గంట. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట. అంత అడగడం పెద్ద కోరిక కాదు.